తొలి క్రైస్తవ రాక్ బ్యాండ్లలో ఎవరితో మొదలుపెట్టాలి?

మా సంఘంలో ఆదివారం ఆరాధన జరిగేటప్పుడు సౌండు మిక్సర్ దగ్గర కూర్చునేది నేను. పాడేవాళ్లు, వాయించేవాళ్లు ముందుంటారు. నేను హాలు చివర వైర్ల చుట్టల మధ్య ఉంటాను. ఏళ్ల తరబడి అక్కడినుంచి వినడం వల్ల నాకు ఒక అలవాటు స్థిరపడింది. ఏ రికార్డు చేతికి వచ్చినా గాయకుడి పేరు దగ్గర ఆగను. డ్రమ్స్ ఎవరు, బేస్ ఎవరు, రికార్డు చేసినది ఎవరు, ఆ బృందంలో ఎవరు ఎంతకాలం ఉన్నారు అని అట్ట వెనక్కి తిప్పి చూస్తాను.

ఈ మధ్య మా యువజన బృందంలో నలుగురు పిల్లలు గిటార్లు పట్టారు. "అమెరికాలో క్రైస్తవ రాక్ మొదలైన రోజుల పాటలు వినాలని ఉంది. ఒకరు లవ్ సాంగ్ అంటారు, ఒకరు పెట్రా అంటారు, ఒకరు రెజ్ బ్యాండు అంటారు. దేనితో మొదలుపెట్టమంటారు?" అని అడిగారు. వాళ్లకు నిలబడి రెండు నిమిషాల్లో చెప్పిన జవాబును ఇక్కడ తీరిగ్గా విప్పి చెబుతున్నాను.

ముందు ఆ రెండు నిమిషాల మాట. పిల్లలు రెజ్ బ్యాండు అన్నది రిసరెక్షన్ బ్యాండునే. అది 1978 నుంచి 1982 వరకు చేసిన రికార్డులతో మొదలుపెట్టండి. మీ బృందంలో వాయిద్యాల కంటే గొంతులు బలమైనవైతే సెకండ్ చాప్టర్ ఆఫ్ యాక్ట్స్‌తో మొదలుపెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి వినాలనుకుంటే లవ్ సాంగ్ తీసుకోండి. పెట్రా వినాలనుకుంటే మాత్రం "ఏ పెట్రా?" అని ముందు అడగాలి. ఆ ఒక్క పేరు కింద కనీసం మూడు వేరువేరు బ్యాండ్లు ఉన్నాయి.

పోల్చేటప్పుడు నేను చూసేవి

చాలామంది ఈ బ్యాండ్లను శబ్దాన్ని బట్టి పోలుస్తారు. ఇది మెత్తన, అది గట్టి, ఇది జానపదం, అది హార్డ్ రాక్ అంటారు. అది కొంతవరకే పనికొస్తుంది. 1970ల మొదట్లో ఈ పాటలకు స్థిరమైన మార్కెట్ లేదు. చాలా సంఘాలు డ్రమ్స్‌ను, ఎలక్ట్రిక్ గిటార్‌ను గుమ్మం దాటనివ్వలేదు. మామూలు రాక్ ప్రపంచానికి సువార్త పాటల మీద ఆసక్తి లేదు. అలాంటి రోజుల్లో ఒక బ్యాండు నిలిచిందంటే ఎవరో దానికి అన్నం పెట్టారు, ఎవరో బండి నడిపారు, ఎవరో స్పీకర్లు మోశారు. వాళ్లు ఎవరన్నదే ఆ బ్యాండు స్వభావాన్ని నిర్ణయించింది. లవ్ సాంగ్‌ను ఒక సంఘం పోషించింది. రిసరెక్షన్ బ్యాండును ఒకే కప్పు కింద ఉమ్మడిగా బతికిన సమాజం మోసింది. సెకండ్ చాప్టర్‌ను ఒక ఇంటి మనుషులే నడిపారు. పెట్రా ప్రయాణాల మీద బతికింది, దారిలో మనుషులను మార్చుకుంటూ వెళ్లింది.

అందుకే నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. పాట రాసేది ఎవరు? పాడేది ఎవరు, ఎంతకాలం పాడారు? శబ్దాన్ని చేతిలో పెట్టుకున్నది ఎవరు? ఈ మూడిటికీ జవాబు తెలిస్తే మీకు ఏ రికార్డు నచ్చుతుందో ముందే సగం తెలుస్తుంది.

"తొలి" అన్న మాట గురించి ఒక వివరణ. వీళ్లకంటే ముందు ఎవరూ లేరని కాదు. బ్రిటన్‌లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ యువ అధికారులు జాయ్ వెబ్ నాయకత్వంలో జాయ్‌స్ట్రింగ్స్ అనే బృందంగా ఏర్పడి, 1964లోనే యూనిఫాం వేసుకుని గిటార్లు పట్టుకుని హిట్ పాటల జాబితాలోకి ఎక్కారు. అమెరికాలో లారీ నార్మన్ 1969లో క్యాపిటల్ రికార్డు సంస్థ ద్వారా తన మొదటి సొంత ఆల్బం తెచ్చాడు. వాళ్లను గౌరవిస్తాను. అయితే ఈరోజు ఒక బృందంగా పాడాలనుకునేవాళ్లు నేర్చుకోవడానికి కింద చెప్పే నాలుగూ ఎక్కువ ఉపయోగపడతాయి.

లవ్ సాంగ్: గొంతులు ముందు, మిగతావన్నీ తరువాత

కాలిఫోర్నియాలోని కోస్టా మీసాలో చక్ స్మిత్ పాస్టర్‌గా ఉన్న కాల్వరీ చాపెల్ అప్పటికి హిప్పీ యువతకు తలుపు తెరిచిన సంఘం. జుట్టు పెంచుకుని, చెప్పులు లేని కాళ్లతో వచ్చేవాళ్లు కూడా ముందు వరుసలో కూర్చునేవారు. 1970 ప్రాంతంలో అక్కడికి వచ్చిన సంగీతకారుల్లో చక్ జిరార్డ్ ఒకడు. అతడు కొత్తవాడు కాదు. 1960ల మొదట్లో క్యాస్టెల్స్ అనే గాత్ర బృందంలో పాడాడు. 1964లో హోండెల్స్ పేరుతో వచ్చిన "లిటిల్ హోండా" అనే హిట్ పాటలో ముఖ్య గొంతు అతడిదే. అంటే రేడియోకు పాట ఎలా కట్టాలో బాగా తెలిసినవాడు, మత్తుమందుల దారిలో తిరిగి తిరిగి, చివరికి ఆ సంఘానికి చేరాడు. టామీ కూమ్స్, జే ట్రూయాక్స్, ఫ్రెడ్ ఫీల్డ్ అతడితో ఉన్నారు. తరువాత గిటార్‌కు బాబ్ వాల్ వచ్చాడు, ఆ తరువాత డ్రమ్స్‌కు జాన్ మెహ్లర్ చేరాడు.

1972లో బ్యాండు పేరుతోనే మొదటి ఆల్బం, 1974లో "ఫైనల్ టచ్" వచ్చాయి. తరువాత విడిపోయారు. 1976లో మళ్లీ కలిసి పర్యటించినప్పటి కచేరీలు 1977లో "ఫీల్ ది లవ్" పేరుతో వచ్చాయి. చూడటానికి చిన్న జాబితా. కానీ 1972 జూన్‌లో డల్లాస్‌లో జరిగిన ఎక్స్‌ప్లో అనే క్రైస్తవ యువజన మహాసభ చివరి రోజు కచేరీకి లక్షకు పైగా జనం వచ్చారని అంచనా. ఆ వేదిక మీద జానీ క్యాష్, లారీ నార్మన్‌లతో పాటు లవ్ సాంగ్ కూడా పాడింది.

వీళ్లను ఎంచుకోవలసిన కారణం గొంతుల కలయిక. వాయిద్యాలు గొంతుల కింద నేల మాదిరిగా పరుచుకుని ఉంటాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు వింటూ పెరిగిన పెద్దవాళ్ల చెవికి ఈ రాగాలు త్వరగా అందుతాయి. మాటలు స్పష్టంగా వినబడతాయి కాబట్టి ఇంగ్లీషు పాట అనే బెరుకు ఉండదు. మా ఇంట్లో కీర్తనల పుస్తకం తప్ప మరొకటి తాకని పెద్దమ్మ మొదటి ఆల్బం చివరివరకు కూర్చుని విన్నది.

లోపం కూడా చెప్పాలి. మొదటి ఆల్బంలో పదును తక్కువ. గట్టి గిటార్ కోసం వచ్చినవాళ్లు రెండో పాటకే లేచిపోతారు. వాళ్లకు ముందు 1974 ఆల్బం పెట్టండి. మెహ్లర్ డ్రమ్స్ వచ్చాక అదే గొంతుల కింద నడక ఎలా బిగుసుకుందో వినబడుతుంది. ఇంకొక జాగ్రత్త. ఈ బ్యాండు పాత పాటలను చాలా ఏళ్ల తరువాత మళ్లీ రికార్డు చేసింది. ఫోనులో వెతికితే రెండూ కలగలిసి వస్తాయి. ఆల్బం సంవత్సరం 1972 అని చూసుకుని వినండి.

రిసరెక్షన్ బ్యాండు: ఒకే ఇంట్లో బతికిన ఐదుగురు

ఇక నా మనసుకు దగ్గరైన వాళ్ల సంగతి.

1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో జీసస్ పీపుల్ మిల్వాకీ అనే సమాజం ఉండేది. అదే ఏడాది అది చీలింది. జిమ్ పాలోసారి నాయకత్వంలో ఒక భాగం యూరప్ వెళ్లింది. ఇంకొక భాగం బస్సెక్కి దక్షిణానికి తిరిగి, చివరికి షికాగోలో స్థిరపడింది. దాని పేరు జీసస్ పీపుల్ యూఎస్ఏ. రిసరెక్షన్ బ్యాండు ఈ రెండో గుంపులో భాగం.

గ్లెన్ కైజర్ గిటార్ వాయిస్తూ పాడతాడు, మౌతార్గాన్ కూడా వాయిస్తాడు. అతడి భార్య వెండీ కైజర్ రెండో ముఖ్య గొంతు. డ్రమ్స్ దగ్గర జాన్ హెరిన్, వెండీకి తోబుట్టువు. బేస్ జిమ్ డెంటన్. లీడ్ గిటార్, కీబోర్డు రెండూ స్టూ హైస్ చేతిలోనే. ఈ ఐదుగురూ 1970లు దాటి 1980ల చివరివరకు దాదాపు విడిపోలేదు. ఆ తరువాత బేస్‌కు రాయ్ మాంట్రాయ్ వచ్చాడు. 2000లో బ్యాండు ముగిసింది. రాక్ చరిత్రలో ఇంతమంది ఇంతకాలం కలిసి ఉండటమే అరుదు. వీళ్లు కచేరీ అయ్యాక వేరువేరు ఇళ్లకు వెళ్లేవాళ్లు కారు. షికాగోలో పేదలు ఎక్కువగా ఉండే అప్‌టౌన్ పేటలో, వందల మందితో ఒకే సమాజంగా, సంపాదన అంతా ఒకే సంచిలో వేసి బతికారు. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో తొలి విశ్వాసులు తమకున్నదంతా సమష్టిగా ఉంచుకున్నారని చదువుతాం. వీళ్లు ఆ మాటను అక్షరాలా పట్టుకున్నారు.

దీనివల్ల సహాయక సిబ్బంది అన్న మాటకే ఇక్కడ వేరే అర్థం వచ్చింది. మామూలు బ్యాండుకు సౌండు, లైట్లు, లారీ నడిపేవాళ్లు జీతానికి వస్తారు, పర్యటన అయ్యాక వెళ్లిపోతారు. ఇక్కడ బండి నడిపినవాడు, కేబుళ్లు చుట్టినవాడు, వేదిక మీద పాడినవాడు మరునాడు ఒకే బల్ల దగ్గర భోంచేసేవాళ్లు. అదే సమాజం కార్నర్‌స్టోన్ అనే పత్రిక నడిపింది. తరువాత గ్ర్ అనే సొంత రికార్డు సంస్థ పెట్టుకుంది. 1984లో షికాగో దగ్గరి గ్రేస్‌లేక్‌లో కార్నర్‌స్టోన్ సంగీతోత్సవాన్ని ప్రారంభించింది. అది 1991లో బుష్నెల్‌కు మారి 2012 వరకు సాగింది. ఆ ఉత్సవాన్ని దగ్గరుండి నడిపించినవాడు మన డ్రమ్మర్ జాన్ హెరినే. గ్లెన్ కైజర్ ఆ సమాజానికి పాస్టర్లలో ఒకడిగా ఉన్నాడు. ఈ బ్యాండులో "నేను వాయిస్తాను, మిగతాది వేరేవాళ్లు చూసుకుంటారు" అనేవాళ్లు లేరు. మా సంఘంలో కార్యక్రమం అయ్యాక స్టాండ్లు మడతపెట్టే వేళకు ఎంతమంది మిగులుతారో చూసినప్పుడల్లా నాకు వీళ్లు గుర్తొస్తారు.

ఆ జీవితం పాటల్లోకి ఎలా వచ్చింది అన్నది అసలు విషయం. 1974లో క్యాసెట్ల మీద సొంతంగా తెచ్చిన పాటల తరువాత, 1978లో టెక్సస్‌లోని చిన్న సంస్థ స్టార్ సాంగ్ "అవెయిటింగ్ యువర్ రిప్లై" విడుదల చేసింది. 1979లో "రెయిన్‌బోస్ ఎండ్". అందులో దక్షిణాఫ్రికా వర్ణవివక్షను నేరుగా ఖండించే పాట ఉంది. అప్పటికి ఆ విషయం మీద క్రైస్తవ రికార్డుల్లో పాట ఉండటం ఎంత అరుదో ఊహించుకోండి. 1980లో "కలర్స్". 1981 ఆల్బం "మామీ డోంట్ లవ్ డాడీ ఎనీమోర్" పేరే విడాకుల ఇంట్లో నలిగే పిల్లల గురించి చెబుతుంది. 1982లో "డీఎంజెడ్". ఇరుకు వీధులు, నిరుద్యోగం, ఒంటరితనం, యుద్ధం ఈ పాటల్లో తరచుగా వస్తాయి. రోజూ పొద్దున్నే కిటికీ తెరిస్తే కనబడేవే కాబట్టి వాళ్లు వాటిని దూరంనుంచి బోధిస్తున్నట్టు అనిపించదు.

వాయిద్యం విషయానికి వస్తే, బ్లూస్ మీద నిలబడిన హార్డ్ రాక్ ఇది. గ్లెన్ గొంతు గరుకు. వెండీ గొంతు అంతకు తీసిపోదు. ఇద్దరిలో ఎవరు పాడితే పాట ఏ వైపు వంగుతుందో గమనించండి. ఆరోజుల్లో గట్టి రాక్ బ్యాండులో ఒక స్త్రీ రెండో స్థాయి గాయనిగా కాక సమానంగా ముందు నిలబడి పాడటం అరుదు. మా బృందంలో ఆడపిల్లలకు వినిపించాలని నేను పట్టుబట్టిన మొదటి కారణం వెండీయే. స్టూ హైస్ గిటార్‌ను మాత్రం చెవులు రిక్కించి వినాలి. అతడు ఒక్క పాటలోనే కీబోర్డు మీద వాతావరణం కట్టి, తరువాత గిటార్‌తో దాన్ని చీల్చుతాడు.

ఇబ్బందులు రెండు. గ్లెన్ ఉచ్చారణ గిటార్ల హోరులో మనకు వెంటనే అందదు. ముందుగా సాహిత్యం చదివి, తరువాత వినండి. రెండోది ముఖ్యమైనది. ఈ బ్యాండు కథ విని "మనం కూడా ఇలా ఒకే చోట ఉండిపోదాం" అని ఉద్వేగపడేవాళ్లున్నారు. ఆ సమాజంలో పెరిగి పెద్దవాళ్లైన కొందరు తమ బాల్యంలో జరిగిన వేధింపుల గురించి తరువాతి కాలంలో బహిరంగంగా మాట్లాడారు. ఉమ్మడి జీవితంలో పిల్లల భద్రతను ఎవరు చూస్తారన్న ప్రశ్న అడగకుండా ఆ నమూనాను ఎవరూ ఎత్తుకోకూడదు. పాటలను ప్రేమిస్తూనే ఈ మాట చెప్పడం నా బాధ్యత.

పెట్రా: ఒక రచయిత, మారుతూ వచ్చిన గొంతులు

పెట్రా అంటే గ్రీకులో బండ. ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లో క్రిస్టియన్ ట్రైనింగ్ సెంటర్‌లో కలిసిన నలుగురు 1972లో దీన్ని మొదలుపెట్టారు. బాబ్ హార్ట్‌మన్, గ్రెగ్ హఫ్, జాన్ డీగ్రాఫ్, బిల్ గ్లోవర్. 1974లో మిర్ అనే రికార్డు సంస్థ మొదటి ఆల్బం తెచ్చింది. రెండు గిటార్లు, పల్లెటూరి కంట్రీ ఛాయ, సరదా. కానీ నిలబెట్టే గొంతు లేదు. నిజం చెప్పాలంటే చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లే ఆ ఆల్బం వినాలి.

1977లో వచ్చిన రెండో ఆల్బంలో గ్రెగ్ ఎక్స్. వోల్జ్ గొంతు వినబడింది. 1979 "వాషెస్ వైటర్ దాన్" నాటికి మొదటి నలుగురిలో హార్ట్‌మన్ ఒక్కడే మిగిలాడు, వోల్జ్ ముఖ్య గాయకుడయ్యాడు. 1981లో డ్రమ్స్‌కు లూయీ వీవర్ వచ్చాక బ్యాండుకు స్థిరమైన ఆకారం వచ్చింది. 1981 "నెవర్ సే డై", 1982 "మోర్ పవర్ టు యా", 1983 "నాట్ ఆఫ్ దిస్ వరల్డ్" ఆల్బంల వెనక మిక్సింగ్ బల్ల దగ్గర ఉన్న పేరు జోనథన్ డేవిడ్ బ్రౌన్. అతడు వోల్జ్ స్పష్టమైన గొంతును ముందుకు తెచ్చి, సింథసైజర్లను దాని చుట్టూ మెరిసేలా పరిచాడు.

1985 చివర్లో వోల్జ్ వెళ్లిపోయాడు. అతడి స్థానంలోకి వచ్చినవాడి కథ ఈ మొత్తం వ్యాసంలో నాకు ఎక్కువ కదిలింపు కలిగించేది. జాన్ ష్లిట్ 1970ల్లో హెడ్ ఈస్ట్ అనే మామూలు రాక్ బ్యాండులో పేరున్న గాయకుడు. కొకైన్ వ్యసనం వల్ల 1980లో ఆ బ్యాండునుంచి బయటికి వెళ్లవలసి వచ్చింది. విశ్వాసంలోకి వచ్చాక సంగీతాన్ని వదిలి, గనుల ఇంజినీరుగా ఉద్యోగం చేసుకుంటున్నాడు. అప్పుడు హార్ట్‌మన్ నుంచి పిలుపు వచ్చింది. 1986 "బ్యాక్ టు ది స్ట్రీట్" అతడి మొదటి ఆల్బం. నిర్మాతలు కూడా మారారు. కాన్సస్ బ్యాండులో 1980ల మొదట్లో పాడిన జాన్ ఎలిఫాంటే, అతడి సోదరుడు డీనో వచ్చారు. శబ్దం బరువెక్కింది, గిటార్ ముందుకొచ్చింది. 1987 "దిస్ మీన్స్ వార్", 1988 "ఆన్ ఫైర్", 1990 "బియాండ్ బిలీఫ్" ఈ కాలానివి. చివరిదానికి గ్రామీ వచ్చింది.

వోల్జ్ కావాలా, ష్లిట్ కావాలా? పెట్రా అభిమానులు నలభై ఏళ్లుగా తేల్చుకోని విషయం ఇది. నా వరకు జవాబు సులువే. పాటను మీ బృందం మళ్లీ పాడాలనుకుంటే వోల్జ్ కాలం. రాగాలు పట్టుకోదగినవి, పల్లవులు అందరి నోటికీ వస్తాయి. శక్తి కోసం, బండిలో పెట్టుకుని వినడానికైతే ష్లిట్ కాలం. అతడి ఎత్తు స్వరం అనుకరించబోయి మా కుర్రాడొకడు వారం రోజులు గొంతు పోగొట్టుకున్నాడు. రెండు కాలాల్లోనూ మారనిది హార్ట్‌మన్ కలం. బైబిలు వాక్యాన్ని దగ్గరగా పట్టుకుని రాస్తాడు. ఏ పాట ఏ వచనం మీద నిలబడిందో బైబిలు చదివేవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. అదే అతడి బలం. బలహీనత కూడా అదే. రిసరెక్షన్ బ్యాండు పాటలో వీధి వాసన వస్తుంది. పెట్రా పాటలో చాలాసార్లు చక్కగా సిద్ధం చేసిన ప్రసంగపు రూపురేఖలు కనబడతాయి.

సెకండ్ చాప్టర్ ఆఫ్ యాక్ట్స్: ముగ్గురు తోబుట్టువులు, వెనక ఒక బావ

దీన్ని రాక్ అనాలా వద్దా అని వాదించేవాళ్లుంటారు. వాళ్లు ఫిల్ కీగీ గిటార్‌తో కలిసి చేసిన 1977 కచేరీ ఆల్బం విన్నాక ఆ వాదన ఆపేస్తారు.

ఆనీ, నెల్లీ, మాథ్యూ వార్డ్ అనే అక్కాచెల్లెళ్లు, తమ్ముడు. తొమ్మిది మంది పిల్లలున్న ఇల్లు. తల్లి, తరువాత రెండేళ్లకే తండ్రి చనిపోవడంతో చిన్నవాళ్లైన నెల్లీ, మాథ్యూ లాస్ ఏంజెలెస్‌లో అక్క ఆనీ, బావ బక్ హెరింగ్‌ల ఇంటికి చేరారు. ఆనీ పియానో దగ్గర కూర్చుని పాడుతుంటే పిల్లలిద్దరూ గొంతు కలిపారు. బృందం అలా పుట్టింది. పేరు అపొస్తలుల కార్యముల రెండో అధ్యాయం నుంచి తీసుకున్నారు. షికాగో వాళ్లు ఆ అధ్యాయాన్ని ఇంటి కట్టుబాటుగా చేసుకుంటే, వీళ్లు దాన్ని పేరుగా పెట్టుకున్నారు.

నేను వీళ్లను ఇక్కడ చేర్చడానికి కారణం బక్ హెరింగ్. అతడు రేడియోలో పనిచేసినవాడు, రికార్డింగ్ ఇంజినీరు. వేదిక మీద పాడడు. కానీ 1974 "విత్ ఫుట్‌నోట్స్" మొదలుకుని 1988లో విరమించే వరకు రికార్డుల నిర్మాత అతడే. ఒకే రక్తం పంచుకున్న మూడు గొంతులు సహజంగానే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వాటిని పూర్తిగా ముద్దచేయకుండా, ఆనీ గొంతు ఎక్కడ ఉండాలి, మాథ్యూ ఎక్కడ లేవాలి అని ఆలోచించి కూర్చిన తీరు హెడ్‌ఫోన్‌లో వింటే తెలుస్తుంది. మిక్సర్ దగ్గర కూర్చునేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం నేను చూడలేదు. ఈస్టర్ రోజున పాడదగిన వాళ్ల ప్రసిద్ధ గీతం "ఈస్టర్ సాంగ్" ఆ మొదటి ఆల్బంలోనే ఉంది. అయితే నాలుగు గొంతుల బృందంతో దాన్ని పాడబోతే కష్టపడతారు. ఆ పాట మూడు గొంతుల కోసం అల్లినది. నాలుగో మనిషిని పాడకుండా కూర్చోబెట్టే ధైర్యం ఉంటేనే ఎత్తుకోండి.

మీ పనిని బట్టి ఎంపిక

మీరు డ్రమ్మర్ అయితే జాన్ హెరిన్ దగ్గరికి వెళ్లండి. అతడు హోరెత్తించడు, పాటను మోస్తాడు. ఆ తరువాత లూయీ వీవర్. గిటార్ నేర్చుకుంటున్నవాళ్లు స్టూ హైస్‌ను, ఆ వెంటనే హార్ట్‌మన్‌ను వినండి. ఇద్దరి మధ్య తేడా ఒక్క సాయంత్రంలో అర్థమవుతుంది. పాటలు రాసేవాళ్లు మాత్రం నా మాట విని పెట్రాను చివర పెట్టుకోండి. వాక్యాన్ని పాటలోకి తేవడం మనవాళ్లకు ఇప్పటికే వచ్చు. కిటికీ బయట కనబడేదాన్ని పాటలోకి తేవడం మనం ఇంకా నేర్చుకోవాలి. అది రిసరెక్షన్ బ్యాండు దగ్గర దొరుకుతుంది. గొంతు కలపడం నేర్చుకునేవాళ్లకు ముందు లవ్ సాంగ్, కొంత సాధన అయ్యాక సెకండ్ చాప్టర్.

సొంత బృందం కట్టుకునేవాళ్లు ఈ నాలుగు పద్ధతుల్లో దేన్ని ఆదర్శంగా తీసుకోవాలి అని కూడా అడుగుతారు. లవ్ సాంగ్ పద్ధతిలో ఒక సంఘం అండ ఉంటుంది. కానీ మనుషులు విడిపోతే బృందం రెండు ఆల్బంలకే ఆగిపోతుంది. పెట్రా పద్ధతిలో ఒకే రచయిత ఉంటే గాయకులు మారినా బండి నడుస్తుంది. ఆ బ్యాండు అలాగే 2005 వరకు నడిచింది. కానీ మారినప్పుడల్లా పాత శ్రోతలు కొందరు దిగిపోతారు. కుటుంబ పద్ధతి కుటుంబం ఉన్నవాళ్లకే సాధ్యం. మా పిల్లలకు నేను చెప్పినది ఇది: షికాగో వాళ్ల నుంచి ఒకే ఒక్క అలవాటు తీసుకోండి. వాయించినవాడే కేబుల్ చుట్టాలి, పాడినమ్మాయే స్టాండు మోయాలి, సౌండు చూసేవాడు సాధనకు మొదటి రోజు నుంచే రావాలి. ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లండి, ఎవరి జీతం వాళ్లు ఉంచుకోండి.

చివరగా, స్టూడియో రికార్డులు విన్నాక కచేరీ ఆల్బంలు పోల్చడం మరిచిపోకండి. లవ్ సాంగ్ 1977 ఆల్బంలో గొంతులు జనం మధ్య కూడా చెదరవు. పెట్రా "క్యాప్చర్డ్ ఇన్ టైమ్ అండ్ స్పేస్" వోల్జ్ కాలానిది, అందులో పెద్ద వేదిక హంగు అంతా వినబడుతుంది. రిసరెక్షన్ బ్యాండు 1984 "లైవ్ బూట్‌లెగ్" వీటిలో గరుకైనది. మేం పోయిన శనివారం దాన్ని హాలులో పెద్ద స్పీకర్ల మీద పెట్టాం. రెండో పాటకు మా డ్రమ్మర్ కుర్రాడు లేచి వచ్చి నా పక్కన మిక్సర్ దగ్గర కూర్చున్నాడు. బేస్ డ్రమ్ ఒక్కటే ఎక్కడ వినబడుతోందో చూపించమని అడిగాడు. మిగతా ఆల్బం అంతా అక్కడే కూర్చుని విన్నాడు.